ప్రాణం మీద తీపి ఎక్కడి నుంచి వస్తుంది?

పాఠకుల ప్రశ్నలకు పిల్లల వైద్యుల జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదింటిని ఒకచోట చేర్చాను. రాసినవారు ఒకరికొకరు తెలియనివారే అయినా అందరి మనసులోనూ ఉన్నది ఒకే ప్రశ్న. కటిక పేదరికంలో, దెబ్బల మధ్య పెరిగే బిడ్డకు బతకాలన్న కోరిక ఏమైపోతుంది? పేర్లూ ఊళ్లూ గుర్తుపట్టగల వివరాలూ తీసేశాను. 2023లో యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురు పిల్లల్లో ఒకరు, అంటే సుమారు 33 కోట్ల మంది, అత్యంత పేదరికంలో బతుకుతున్నారు. కాబట్టి ఇది ఈ అయిదు ఇళ్ల గొడవ మాత్రమే అనుకోవద్దని మనవి.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. నా తరగతిలో తొమ్మిదేళ్ల అబ్బాయి ఉన్నాడు. వాళ్లింట్లో పూట గడవదు. తండ్రి తాగి వచ్చి తల్లినీ పిల్లలనీ కొడతాడని చుట్టుపక్కల అందరికీ తెలుసు. మొన్న పెద్దయ్యాక ఏమవుతారని పిల్లలను వరసగా అడుగుతుంటే, తన వంతు వచ్చినప్పుడు వాడు, "అప్పటిదాకా ఉంటానా టీచర్?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, తోటివాళ్లూ నవ్వారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దాన్ని పిల్లమాట అని వదిలేయాలా? కదిలిస్తే లేనిపోని ఆలోచన నేనే వాడి బుర్రలో పెట్టినట్టవుతుందా?

జవాబు: మీరు విన్నది సరిగానే విన్నారు. వదిలేయకండి.

తొమ్మిదేళ్లవాడికి చావంటే తెలియదని పెద్దలు అనుకుంటారు. పోయినవారు తిరిగి రారని, అది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పదని ఎక్కువమంది పిల్లలకు ఏడేళ్లు వచ్చేసరికే అర్థమవుతుంది. హింసను దగ్గరగా చూసిన పిల్లలకు ఇంకా ముందే అర్థమవుతుంది. వాడు నవ్వుతూ అన్నాడన్నారు. అలాంటి ఇంట్లో పెరిగే పిల్లలకు నవ్వు చాలా పనులకు పనికొస్తుంది. ఎదుటివారి ముఖం మారకముందే వాతావరణం తేలికపరచడం వాళ్లు బళ్లో చేరకముందే నేర్చుకుని ఉంటారు.

1976 జూలైలో అమెరికాలోని చౌచిల్లా అనే చిన్న పట్టణంలో 26 మంది పిల్లలున్న బడి బస్సును దుండగులు దారి మళ్లించి, పిల్లలనూ డ్రైవరునూ భూమిలో పాతిన ఒక లారీ పెట్టెలో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. లెనోర్ టెర్ అనే మనోవైద్యురాలు తరువాతి సంవత్సరాల్లో ఆ పిల్లలతో మాట్లాడినప్పుడు గమనించిన విషయాల్లో ఒకటి మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. చాలామంది తమకు పెద్దవయసు ఉంటుందని అనుకోవడం మానేశారు. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం అనే మాటలు తమవి కానట్టు మాట్లాడారు. భవిష్యత్తు కురచైపోయిందన్న ఈ భావన ఆ తరువాత మానసిక గాయాల లక్షణాల జాబితాల్లోకి ఎక్కింది. వాళ్లకు జరిగింది ఒక్కసారి. మీ విద్యార్థికి వారంలో ఎన్ని రాత్రులో ఆలోచించండి. రేపు ఏ క్షణాన ఏమవుతుందో తెలియని బిడ్డ మనసు రాబోయే సాయంత్రం వరకే చూస్తుంది, ఎందుకంటే అంతకు మించి చూడడానికి దానికి తీరిక లేదు. అది సోమరితనం కాదని, చదువు మీద శ్రద్ధ లేకపోవడం కాదని మీ తోటి ఉపాధ్యాయులకు కూడా చెప్పండి.

అలా అని అలా మాట్లాడే ప్రతి బిడ్డా చావును కోరుకుంటున్నట్టు కాదు. ఉండనేమో అనుకోవడం వేరు, ఉండకూడదని అనుకోవడం వేరు. రెండింటిలో ఏదో బయటినుంచి చూసి చెప్పలేం కాబట్టి అడగాలి. అడిగితే ఆలోచన పెట్టినట్టవుతుందేమో అన్న భయం మీ ఒక్కరిదే కాదు, వైద్యుల్లోనూ ఉండేది. న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు విద్యార్థుల మీద జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగినవారిలో అడగనివారికంటే దిగులుగానీ అలాంటి ఆలోచనలుగానీ పెరగలేదని తేలింది. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకైతే అడగడం కాస్త ఊరట కూడా ఇచ్చింది.

అందరి ముందూ కాకుండా, పక్కన కూర్చుని ఇద్దరూ ఏదో పని చేస్తూ మాట్లాడండి. బొమ్మ గీస్తున్నప్పుడో, పుస్తకాలు సర్దుతున్నప్పుడో అయితే ఎదురెదురుగా కళ్లలోకి చూడాల్సిన అవసరం ఉండదు, పిల్లలకు అది తేలిక. "ఆ రోజు నువ్వన్న మాట నేను మరిచిపోలేదురా. నీకు ఎప్పుడైనా చచ్చిపోవాలనిపిస్తుందా?" అని మామూలు గొంతుతో అడగండి. అవునంటే ఉలిక్కిపడకండి, తిట్టకండి, అమ్మ ఏమైపోతుందని నిలదీయకండి. చెప్పినందుకు మంచిపని చేశావనండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. ఏమి చేయాలనిపిస్తుందో కూడా చెప్పాడంటే ఆ రోజు వాడిని ఒంటరిగా వదలకుండా, నమ్మకమైన పెద్దవారితో ఆ పూటే వైద్యుల దగ్గరికి చేర్చాలి. పిల్లల రక్షణ చూసే అధికారులకూ, పిల్లల సహాయవాణికీ తెలియజేయాలి. వాడు చెప్పిందాన్ని పట్టుకుని మీరు నేరుగా తండ్రిని నిలదీస్తే ఆ రాత్రి దాని వెల వాడే చెల్లించాల్సి వస్తుంది. ఆ పని తెలిసినవారి ద్వారా జరగనివ్వండి.

ఇక తరగతిలో మీరు చేయగలిగింది చిన్నదే అయినా తేలిక విలువది కాదు. వాడి మాట చెల్లే చోటు ఒకటి ఏర్పాటు చేయండి. ఏ పాట పాడాలో, గోడ మీద ఏ బొమ్మ పెట్టాలో వాడు చెబితే అది జరగాలి. పోలండ్ రాజధాని వార్సాలో అనాథ పిల్లల గృహాన్ని నడిపిన వైద్యుడు యానుష్ కోర్చాక్ అక్కడ పిల్లలే తీర్పు చెప్పే న్యాయస్థానం పెట్టాడు. తప్పు చేశాడని పిల్లలు ఫిర్యాదు చేస్తే ఆయన కూడా దాని ముందు నిలబడ్డాడు. 1942లో ఆ పిల్లలను నాజీలు మరణ శిబిరానికి తరలించినప్పుడు, తప్పించుకునే వీలున్నా ఆయన వాళ్లను విడవకుండా వెంట వెళ్లాడు. ఆయనను అందరూ ఆ చివరి ప్రయాణంతో గుర్తుంచుకుంటారు. నేను మాత్రం, ఏమీ లేని పిల్లలకు తమ మాటకు విలువ ఉంటుందని ప్రతిరోజూ చూపించిన ఆ పాతికముప్ఫై ఏళ్లనే ఎక్కువగా తలచుకుంటాను.

ప్రశ్న: మా బంధువుల పాపకు రెండేళ్లు నిండలేదు. చాలా లేమిలో ఉన్నారు. పాప ఏడవదు, ఏదీ అడగదు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటుంది. ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ మెచ్చుకుంటారు. నాకెందుకో భయంగా ఉంది. బిడ్డకు బతకాలని లేనట్టు అనిపిస్తోంది. ఇలా రాయడం కూడా తప్పేమో.

జవాబు: తప్పేమీ లేదు. మీ భయాన్ని తేలిగ్గా తీసుకోకుండా ఈ వారమే పాపను, బరువు తూచి చేతి చుట్టుకొలత చూసే చోటికి తీసుకెళ్లండి. మిగతా జవాబు ఆ తరువాత తీరికగా చదవవచ్చు.

ఆకలితో ఏడ్చే బిడ్డకంటే ఏడుపు మానిన బిడ్డను చూసి వైద్యులు ఎక్కువ భయపడతారు. తీవ్రమైన పోషకాహార లోపానికి ఉదాసీనత ఒక ముఖ్య లక్షణం. శరీరం ఉన్న కాస్త శక్తినీ గుండెకూ ఊపిరికీ దాచిపెట్టి ఆటను, కుతూహలాన్ని, అలకను ఆపేస్తుంది. పెద్దల్లోనూ ఇంతే. 1944-45లో అమెరికాలోని మినెసోటాలో అన్సెల్ కీస్ అనే పరిశోధకుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ల అంగీకారంతోనే, ఆరు నెలలపాటు సగం కడుపు తిండి పెట్టి పరిశీలించాడు. చురుకైన ఆ మనుషులు స్నేహాలు, నవ్వులు, ఆశయాలు అన్నీ మరిచి తిండి ధ్యాస తప్ప మరొకటి లేనివాళ్లయ్యారు. ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన ఆకలే వాళ్లను అలా చేసింది. మాటలే రాని పాపకు ముగింపు అనేదొకటి ఉంటుందని కూడా తెలియదు.

అయితే కడుపు ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త 1970లలో చేసిన ఒక ప్రయోగం వైద్యవిద్యార్థులకు ఇప్పటికీ చూపిస్తారు. తల్లి కొన్ని నెలల బిడ్డతో ఆడుతూ ఆడుతూ రెండు మూడు నిమిషాలపాటు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపే చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ మొదట నవ్వుతుంది. నవ్వుకు నవ్వు రాకపోతే చేతులు చాస్తుంది, అరుస్తుంది, ముందుకు వంగుతుంది, అప్పటిదాకా పనిచేసిన విద్యలన్నీ ఒక్కొక్కటే ప్రయోగిస్తుంది. ఏదీ పారకపోయేసరికి ముఖం పక్కకు తిప్పేసుకుంటుంది, ఒళ్లు వాలిపోతుంది. తల్లి మళ్లీ నవ్వగానే కాసేపు నమ్మనట్టు చూసి, తరువాత తేరుకుంటుంది. అది రెండు నిమిషాల మౌనానికి వచ్చిన మార్పు. పనికీ ఆకలికీ దెబ్బలకూ నలిగిపోయి, ఎవరినీ పలకరించే ఓపిక లేని ఇంట్లో అలాంటి నిమిషాలు ఎన్ని ఉంటాయో ఊహించవచ్చు.

రెనె స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పసిబిడ్డలను గమనించి 1945లో ఆ వివరాలు ప్రచురించాడు. ఒకటి శుభ్రంగా, వేళకు పాలుపట్టే అనాథ శిశు గృహం. అయితే అక్కడ ఒక్కో ఆయా చూసుకోవాల్సిన బిడ్డలు ఎనిమిదిమందికి తక్కువ కాదు. రెండోది జైలులోని శిశువిభాగం, అక్కడ ఖైదీలైన తల్లులే తమ బిడ్డలను పెంచుకునేవారు. అనాథ గృహంలోని పిల్లల్లో మూడోవంతుకు పైగా రెండేళ్లలోపు చనిపోయారు. జైలులో ఒక్కరూ పోలేదు. ఆయన లెక్కలు వేసిన పద్ధతిని తరువాతివారు విమర్శించిన మాట నిజమే అయినా, ఆయన చూపించిన సంగతిని ఆ తరువాతి పరిశోధనలు కొట్టివేయలేదు. మన భాషలో దీనికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది, బెంగ. బిడ్డ బెంగపెట్టుకుందని పెద్దవాళ్లు అన్నప్పుడు వాళ్లు చెబుతున్నది ఇదే.

దాదాపు పధ్నాలుగు నెలల ఒక పాప మా వార్డులో ఉండేది. చర్మం వేలాడుతూ, కళ్లు గోడకు అతుక్కుని ఉండేవి. సూది గుచ్చినా ఏడ్చేది కాదు. తల్లి మంచం పక్కనే కూర్చునేది కానీ బిడ్డ వైపు చూసేది కాదు, అప్పటికే ఒక బిడ్డను పోగొట్టుకున్న మనిషి. వేళకు పాలు, మందులు పడుతూనే ఉన్నాం. ఎనిమిదోరోజున ఎవరి చేతిలోంచో డబ్బా మూత జారి నేలమీద గుండ్రంగా దొర్లింది. పాప కళ్లు గోడను వదిలి దాని వెంట వెళ్లాయి. మా నర్సు ఆ మూతను మళ్లీ దొర్లించింది, తరువాత తల్లి చేతికిచ్చి దొర్లించమంది. మరో రెండు రోజులకు పాప నోటి దగ్గరకు వచ్చిన చెంచాను చేత్తో చరిచి పాలు మా అందరి మీదా చిందేలా చేసింది. కేసు కాగితంలో "చెంచా తోసేసింది" అని రాసి కింద గీత గీశాను. వద్దు అనగలిగిన బిడ్డకు కావాలి అనడం ఎక్కువ దూరంలో ఉండదు.

ఇది నా ఒక్కడి నమ్మకం కాదు. తీవ్ర పోషకాహార లోపానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది మెట్ల చికిత్సలో తొమ్మిదో మెట్టు ఆట, ఆప్యాయత. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1980లలో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల గిడసబారిన 129 మంది పేదపిల్లల్లో కొందరి ఇళ్లకు రెండేళ్లపాటు వారానికొక గంట కార్యకర్తలను పంపింది. వాళ్లు చేసిందల్లా ఇంట్లో ఉన్న వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో తల్లికి చూపించడం. పదిహేడు పద్దెనిమిదేళ్లు వచ్చాక చూస్తే ఆ పిల్లల్లో దిగులు, ఆందోళన తక్కువగానూ తమ మీద తమకు గౌరవం ఎక్కువగానూ ఉన్నాయి. మీరు మీ బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు పాప చిన్న శబ్దం చేసినా, వేలు కదిపినా దానికి జవాబుగా ఏదో ఒకటి చేయండి. తల్లికి తప్పులెన్నకుండా, ఆమె చూస్తుండగా చేయండి.

ప్రశ్న: నేనూ పేదరికంలోంచి వచ్చినవాణ్నే. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాను, పస్తులున్నాను. ఇవాళ నిలదొక్కుకున్నాను. కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయి కదా? మీలాంటివారు పిల్లలను మరీ సుకుమారులని చూపిస్తున్నారనిపిస్తుంది.

జవాబు: మీరు నిలదొక్కుకున్నందుకు నిజంగా సంతోషిస్తున్నాను. మీ మాటతో మాత్రం ఏకీభవించలేను.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు పరిశీలించింది. పేదరికం, తల్లిదండ్రుల గొడవలు, తాగుడు, మానసిక వ్యాధి లాంటి చిక్కుల్లో నాలుగో అంతకంటే ఎక్కువో రెండేళ్లలోపే మీదపడిన పిల్లల్లో మూడోవంతు మంది సమర్థులుగా, స్థిమితంగా పెరిగారు. మీరు ఆ మూడోవంతు. మిగతా రెండొంతులూ మీకంటే మెత్తనివాళ్లేమీ కారు, దెబ్బలు అందరికీ తగిలినవే. తేడా ఎక్కడుందని వెతికితే, నిలిచినవారి వెనక కనీసం ఒక పెద్దమనిషి దొరికాడు: అమ్మమ్మో, మేనత్తో, పక్కింటి మనిషో, ఒక ఉపాధ్యాయుడో. మీరు ఒకసారి కూర్చుని మీ చిన్ననాటిని తలచుకుంటే మీకూ ఒక ముఖం గుర్తొస్తుందని నా నమ్మకం. ఘనత ఇవ్వాల్సింది ఆ మనిషికి, దెబ్బలకు కాదు.

లెక్క తిరగేసి కూడా చూడవచ్చు. 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు 9,508 మంది పెద్దలను వాళ్ల బాల్యం గురించి అడిగి ప్రచురించిన పరిశోధనలో, కొట్టడం, లైంగిక వేధింపు, తల్లి మీద హింస, ఇంట్లో తాగుడు లాంటి ఏడు రకాల అనుభవాల్లో నాలుగో అంతకంటే ఎక్కువో ఉన్నవారిలో ఆత్మహత్యాయత్నం చేసే అవకాశం, ఏవీ లేనివారితో పోలిస్తే 12 రెట్లు కనిపించింది. వాళ్లలో ఎక్కువమంది ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతి వారు. ఆ ఏడింటి జాబితాలో పేదరికం లేనే లేదు. దాన్ని కూడా కలిపి మోసే పిల్లలను గురించి మనం మాట్లాడుతున్నాం.

మీ మాటలో ఇంకొక పొరపాటు ఉంది, అది శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం చేసినదే. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వవేత్తలు కుక్కలకు తప్పించుకోలేని కరెంటు షాకులు ఇచ్చినప్పుడు, తరువాత తప్పించుకునే దారి ఉన్నా అవి కదలకుండా పడుకుండిపోయాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పుడు అన్నారు. దాదాపు యాభై ఏళ్లు మెదడును పరిశీలించాక 2016లో ఆ ఇద్దరే, తాము తలకిందులుగా చెప్పామని రాశారు. ఎడతెగని బాధ ఎదురైనప్పుడు ముడుచుకుపోవడం పుట్టుకతో వచ్చిన స్పందన. నేర్చుకోవలసింది నేను ఏదైనా చేస్తే ఫలితం ఉంటుందన్న ఎరుక, అది అనుభవంలో దొరికితేనే వస్తుంది. కష్టం దానంతట అది దాన్ని నేర్పదు. ఏడిస్తే ఎవరో వచ్చారు, పిలిస్తే పలికారు, వద్దంటే ఆగారు అన్న అనుభవాలు కలిగిన బిడ్డకే కష్టం వచ్చినప్పుడు ఎదురునిలవడం తెలుస్తుంది. మీకు ఆ ఎరుక ఎవరిచ్చారో వారిని గుర్తు చేసుకోండి. ఇవాళ మీ చుట్టూ ఉన్న ఏ బిడ్డకు మీరు ఆ మనిషి కాగలరో కూడా చూడండి.

ప్రశ్న: స్వీడన్‌లో శరణార్థుల పిల్లలు తిండి, మాట మానేసి నెలల తరబడి నిద్రలోకి జారిపోతారని చదివాను. నిజమేనా?

జవాబు: నిజంగా నమోదైన స్థితే. 2003 నుంచి 2005 మధ్య అక్కడ నాలుగు వందలకు పైగా పిల్లలు ఇలా అయ్యారు. ఎక్కువమంది పాత సోవియట్ యూనియన్, యుగోస్లావియా ప్రాంతాల నుంచి హింసను తప్పించుకుని వచ్చి, తిరిగి పంపేస్తారేమోనన్న భయంతో ఎదురుచూస్తున్న కుటుంబాలవారు. మొదట మాట తగ్గుతుంది, తరువాత తిండి, నడక ఆగిపోతాయి, చివరకు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వాల్సి వస్తుంది. 2014లో స్వీడన్ దీనికి విడిగా రోగనిర్ధారణ పేరు ఇచ్చింది. కొందరు పెద్దయ్యాక, అప్పట్లో ఇంట్లోవాళ్లే తమచేత అలా నటింపజేశారని చెప్పిన సంగతి కూడా 2019లో బయటికి వచ్చింది. దానితో మొత్తం కట్టుకథ అని తీసిపారేసినవారున్నారు, నేను ఆ పక్షం కాదు. కుటుంబానికి అక్కడే ఉండే అనుమతి వచ్చాక చాలామంది నెలల మీద మెల్లగా కోలుకున్నారు. తల్లిదండ్రుల ముఖాల్లో భయం పోతేనే బిడ్డ కళ్లు తెరిచిందని అక్కడి వైద్యులు రాసిన అనుభవాలను, నా వార్డులో చూసిన దానితో పోల్చుకుంటే నాకు వింతగా అనిపించలేదు.

ప్రశ్న: పదేళ్లు దెబ్బలు తిని, పోయిన ఏడాది ఇద్దరు పిల్లలతో ఆ ఇంటినుంచి బయటికి వచ్చేశాను. ఒక గది అద్దెకు తీసుకుని, రెండు చోట్ల పని చేసుకుంటున్నాను. బాబుకు ఏడేళ్లు, పాపకు మూడు. బాబు ఒకరోజు, "అమ్మా, మనం ఎందుకు పుట్టాం?" అన్నాడు. రాత్రి పడుకునే ముందు తలుపు గడియ వేశావా అని నాలుగైదు సార్లు అడుగుతాడు. వేశానని చెప్పినా లేచి మళ్లీ అడుగుతాడు. విసుగొచ్చి ఒకసారి కొట్టాను కూడా. ఇన్నాళ్లు అక్కడే ఉండి నా పిల్లల బతుకు నేనే పాడుచేశానా? చికిత్సకు డబ్బు లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. ముందుగా ఒక మాట. కొట్టినవాడు ఒకడుండగా, పాడుచేశానని మీరు రాస్తున్నారు. ఆ లెక్క సరికాదు. పిల్లలను చంకనేసుకుని బయటికి నడిచిన రోజున మీరు వాళ్లకు, ఏదైనా చేస్తే మార్పు వస్తుందని కళ్లారా చూపించారు. ఏ చికిత్సలోనైనా మేము మెల్లగా నేర్పడానికి ప్రయత్నించేది అదే.

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ అనే మనోవిశ్లేషకులు పిల్లల కోసం ఆశ్రయ గృహాలు నడిపారు. బాంబుల మోత మధ్య ఉన్నా పక్కన తల్లి స్థిమితంగా ఉంటే పసిపిల్లలు అనుకున్నంతగా బెదరలేదని, క్షేమమైన చోటికి పంపినా తల్లి దగ్గర లేకపోతే ఎక్కువ కుంగిపోయారని వాళ్లు గమనించారు. మీ పిల్లల మీద బాంబులు పడింది మీతో ఉండగానే. ఇప్పుడు ఆ మోత ఆగింది, మీరు ఉన్నారు.

డబ్బు లేదని రాశారు, అది చిన్న విషయమని నేను అనను. అమెరికాలో 1,420 మంది గ్రామీణ పిల్లల మీద ఒక పరిశీలన నడుస్తుండగా, 1990లలో అక్కడి చెరోకీ ఆదివాసుల ప్రాంతంలో కాసినో తెరుచుకుని, దాని లాభాల్లో వాటా ఆదివాసీ కుటుంబాలకు అందడం మొదలైంది. పేదరికం నుంచి బయటపడ్డ ఇళ్లలో పిల్లల మొండితనం, దుడుకుతనం నాలుగేళ్లలో, పేదరికం ఎన్నడూ ఎరగని పిల్లల స్థాయికి తగ్గాయి. ఎందుకని చూస్తే తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకుని ఉండే తీరిక దొరకడమే ప్రధాన కారణంగా తేలింది. దిగులు, ఆందోళన మాత్రం డబ్బుతో అంతగా తగ్గలేదు. అందువల్ల మీకు రావలసిన ప్రతి సహాయాన్నీ, భరణమైనా పథకమైనా, బిడియపడకుండా అడిగి తీసుకోండి. దానివల్ల మీ పని గంటల్లో ఒక్క గంట తగ్గినా ఆ గంట పిల్లలది. ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంటే బాబును ఒకసారి చూపించండి. చచ్చిపోతానని గానీ, నేను లేకపోతే బాగుంటుందని గానీ అన్నాడంటే ఆ రోజే తీసుకెళ్లండి, ఆగకండి.

"మనం ఎందుకు పుట్టాం?" అని అడిగితే వాడు వేదాంతం అడగడం లేదు. నేనంటే నీకు బరువా అని అడుగుతున్నాడు. పెద్ద సమాధానం అక్కర్లేదు. వాడు పుట్టిన రోజు ఎలా గడిచిందో, మొదటిసారి చూసినప్పుడు వాడి చేతివేళ్లు ఎలా ఉన్నాయో, పాపకు వాడు మొదట నేర్పిన మాట ఏమిటో చెప్పండి. మళ్లీ మళ్లీ అడుగుతాడు, అదే కథ మళ్లీ మళ్లీ చెప్పండి. కొట్టిన రోజు సంగతి కూడా మీరే ఎత్తి, "ఆ రోజు నేను కొట్టాను, అది నా తప్పు, నువ్వు అడగడం తప్పు కాదు" అనండి. తప్పు చేసిన పెద్దవాళ్లు తిరిగి వచ్చి ఒప్పుకోవడం వాడు ఇంతవరకూ చూసి ఉండడు.

ఇక తలుపు గడియ సంగతి. వేశానని మీరు చెప్పే మాట వాడి చెవికి చేరుతుంది కానీ ఒంటికి చేరదు, ఎందుకంటే ఆ పాత ఇంట్లోనూ ఏమీ కాదని చెప్పిన రాత్రులు ఉన్నాయి. రేపటినుంచి గడియ వాడినే వేయనివ్వండి. చేయి అందకపోతే కింద పీట వేయండి. వేశాక ఇద్దరూ కలిసి ఒకసారి తలుపు లాగి చూడండి. మధ్యలో మళ్లీ లేస్తే విసుక్కోకుండా, "వెళ్లి చూసిరా, నేనిక్కడే ఉన్నాను" అనండి. మొదటి వారం నాలుగుసార్లు లేస్తాడు. మూడుకు తగ్గిన రోజున ఏమీ అనకండి, నాకు మాత్రం ఒక కార్డు రాయండి.